రక్తపు చుక్క లేకుండా లాక్టేట్ త్రెషోల్డ్: చెస్ట్ స్ట్రాప్ లెక్కని ఎంతవరకు నమ్మొచ్చు?

క్లుప్తంగా: హెచ్‌ఆర్‌వీ, అంటే గుండె బీట్ల మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులు, లాక్టేట్‌ని (కండరాలు చక్కెరని వాడుకునేటప్పుడు తయారయ్యే పదార్థాన్ని) కొలవదు. పరుగు జోరు పెరిగేకొద్దీ గుండె మీద నరాల అదుపు ఎలా మారుతోందో అది చెబుతుంది. ఆ మార్పు, రక్తంలో లాక్టేట్ పెరగడం దాదాపు ఒకే జోరు దగ్గర జరుగుతాయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని అంచనా కడుతున్నారు. ఈజీ రన్ ఎక్కడ ఈజీ కాకుండా పోతుందో చూసుకోడానికి ఈ అంచనా పనికొస్తుంది. టెంపో పేస్‌ని (కాస్త కష్టంగా, నిలకడగా పరిగెత్తే వేగాన్ని) అంకె మీద అంకెగా తేల్చడానికి మాత్రం అంతగా పనికిరాదు. పైగా చెమట, ఎండ, స్ట్రాప్ బిగింపు, ముందురోజు అలసట, అన్నీ ఇందులో వేలు పెడతాయి.

విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనో గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో పొద్దున్నే పరిగెత్తేవాళ్లకి త్రెషోల్డ్ గురించి సమాచారం కరువేమీ లేదు, ఎక్కువైపోవడమే ఇబ్బంది. వాచీ ఒక అంకె చూపిస్తుంది. ఫోన్‌లో యాప్ ఇంకోటి చూపిస్తుంది. 220లోంచి వయసు తీసేసి దాంట్లో ఇంత శాతం అనే పాత లెక్క మూడోది ఇస్తుంది. మూడింటికీ పొంతన ఉండదు. వీటికి తోడు ఈ మధ్య ‘ఆల్ఫా-1 0.75కి పడిపోతే అదే మీ మొదటి లాక్టేట్ త్రెషోల్డ్’ అనే మాట ఒకటి బాగా తిరుగుతోంది. ఆల్ఫా-1 అంటే హెచ్‌ఆర్‌వీ నుంచి లెక్కగట్టే ఒక అంకె. వేలు గుచ్చక్కర్లేదు, ల్యాబ్‌కి వెళ్లక్కర్లేదు, ఛాతీకి ఒక స్ట్రాప్ కట్టుకుంటే చాలు అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ మాటలో నిజం ఉంది. ఎంత ఉందన్నదే ఇక్కడ చూడాల్సింది.

ముందు లాక్టేట్ సంగతి

పరిగెత్తిన మర్నాడు పిక్కలు పట్టేస్తే ‘లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది’ అనేయడం చాలామందికి అలవాటు. అది నిజం కాదు. గట్టిగా పరిగెత్తాక పెరిగిన లాక్టేట్ సుమారు గంటలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మర్నాటి నొప్పికి కారణం కండరాల్లో జరిగిన చిన్న చిన్న దెబ్బలు. లాక్టేట్ విషం కూడా కాదు. ఒక కండరం తయారుచేసిన లాక్టేట్‌ని పక్క కండరం, గుండె ఇంధనంగా వాడుకుంటాయని అమెరికా శాస్త్రవేత్త జార్జ్ బ్రూక్స్ 1980ల నుంచీ చెబుతూ వచ్చారు, ఇప్పుడు అది అందరూ ఒప్పుకున్న విషయమే.

ఊరికే కూర్చున్నప్పుడు కూడా రక్తంలో లీటరుకు సుమారు 1 మిల్లీమోల్ లాక్టేట్ ఉంటుంది. మెల్లగా జాగింగ్ చేస్తే తయారయ్యేది తయారవుతూనే ఉంటుంది, ఖర్చయ్యేది ఖర్చవుతూనే ఉంటుంది, అంకె పెద్దగా కదలదు. జోరు పెంచుతూపోతే ఒకచోట అది మామూలు స్థాయిని దాటి పైకి లేవడం మొదలవుతుంది. దాన్ని మొదటి త్రెషోల్డ్ అంటారు, చాలామందిలో 2 మిల్లీమోల్స్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ఇంకా జోరు పెంచితే మరోచోట తయారీ, ఖర్చుల లెక్క పూర్తిగా తప్పుతుంది, అదే పేస్‌లో ఉన్నా లాక్టేట్ ఆగకుండా ఎక్కుతూనే పోతుంది. అది రెండోది. మొదటి త్రెషోల్డ్ లోపల గంటల తరబడి పరిగెత్తొచ్చు. రెండోదాని దగ్గర బాగా తర్ఫీదున్నవాళ్లు కూడా గంటకి మించి నిలవడం కష్టం.

రెండోదానికి 4 మిల్లీమోల్స్ అనే గుర్తు 1976లో జర్మనీలో ఆలోయిస్ మాడర్ బృందం నుంచి వచ్చింది. అది సగటు. మనిషిని బట్టి ఆ స్థాయి 2 దగ్గరా ఉండొచ్చు, 6 దాటీ ఉండొచ్చు. 2009లో జర్మన్ పరిశోధకులు ఒక సమీక్షలో లెక్కేస్తే లాక్టేట్ త్రెషోల్డ్‌ని నిర్వచించే పద్ధతులు 25 తేలాయి. ఇది ఎందుకు చెప్పుకోవాలంటే, హెచ్‌ఆర్‌వీ అంచనా లాక్టేట్ టెస్టుతో కలవలేదు అన్నప్పుడు ఏ లాక్టేట్ టెస్టుతో అని కూడా అడగాలి. ముందురోజు నుంచీ సరిగ్గా తినకుండా, కండరాల్లో గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర) అడుగంటాక టెస్టుకి వస్తే అదే పేస్‌లో లాక్టేట్ తక్కువగా కనిపిస్తుంది. చూసేవాళ్లకి ఫిట్‌నెస్ పెరిగినట్టే ఉంటుంది, పెరిగింది ఏమీ ఉండదు. అంటే అసలు కొలతే స్థిరమైంది కాదు, దానికి ఇంకో కొలతని ముడిపెడుతున్నారు.

గుండె లయకీ దీనికీ ఏం సంబంధం?

గుండెని దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిలో 60, 70కి దిగడానికి కారణం వేగస్ నరం. అది బ్రేకు మీద కాలు పెట్టినట్టు గుండెని నెమ్మదిగా ఉంచుతుంది, పైగా ఆ కాలు ఒకేలా ఉండదు. ఊపిరి పీల్చినప్పుడు కొంచెం వదులవుతుంది, వదిలినప్పుడు మళ్లీ పడుతుంది. అందుకే ఒక బీట్‌కీ తర్వాతి బీట్‌కీ మధ్య వ్యవధి ఎప్పుడూ సమానంగా ఉండదు. ఒకసారి 980 మిల్లీసెకన్లు అయితే తర్వాతిది 1,030 కావచ్చు. ఈ హెచ్చుతగ్గులనే హార్ట్ రేట్ వేరియబిలిటీ, పొట్టిగా హెచ్‌ఆర్‌వీ అంటున్నారు.

పరుగు మొదలుపెట్టగానే వేగస్ వెనక్కి తగ్గుతుంది. తర్వాత గుండె వేగాన్ని పెంచే సింపథెటిక్ నరాలు, అడ్రినలిన్ రంగంలోకి దిగుతాయి. వేగస్ మాట గుండెకి ఒక్క బీట్‌లో చేరుతుంది. సింపథెటిక్ ప్రభావం తెలియడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి వేగస్ తప్పుకున్నకొద్దీ బీట్‌కీ బీట్‌కీ మధ్య ఉండే చురుకైన తేడాలు కరిగిపోతాయి. ఇది ఒక క్రమంలో, జోరుని బట్టి జరుగుతుంది. ఈ క్రమాన్ని చదవగలిగితే మనిషి ఏ జోరులో ఉన్నాడో తెలుస్తుందన్నదే మొత్తం వాదనకి ఆధారం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పొద్దున లేవగానే వాచీ చూపించే హెచ్‌ఆర్‌వీ వేరు, పరిగెత్తేటప్పుడు చూసే హెచ్‌ఆర్‌వీ వేరు. పొద్దున్నది సాధారణంగా ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అనే కొలత, పక్కపక్క బీట్ల మధ్య తేడా సగటున ఎన్ని మిల్లీసెకన్లు అని చెబుతుంది. ఒంటికి విశ్రాంతి చాలిందా లేదా అనేది చూసుకోడానికి అది బాగుంటుంది. పరుగులో దాంతో పని జరగదు, ఎందుకంటే ఓ మోస్తరు జోరుకే అది కొద్ది మిల్లీసెకన్లకి పడిపోయి అక్కడే ఉండిపోతుంది. పాత రోజుల్లో ఆ అడుగుకి చేరే చోటునే మొదటి త్రెషోల్డ్‌గా తీసుకున్న పరిశోధకులున్నారు. 2000ల మధ్యలో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా కోటాన్ బృందం గుండె లయలో దాగి ఉన్న ఊపిరి జాడని పట్టుకుని త్రెషోల్డ్‌లు లెక్కగట్టింది. హెచ్‌ఆర్‌వీతో త్రెషోల్డ్ అనే ఆలోచన నిన్న మొన్నటిది కాదు, ఇప్పుడు ప్రచారంలోకి వచ్చిన పద్ధతి మాత్రం కొత్తది.

ఆల్ఫా-1 అంటే ఏం లెక్క?

దీని పూర్తి పేరు డీట్రెండెడ్ ఫ్లక్చువేషన్ ఎనాలసిస్, వాడుకలో డీఎఫ్‌ఏ. 1990ల తొలి సగంలో బోస్టన్‌లో పెంగ్ అనే పరిశోధకుడి బృందం దీన్ని మొదట డీఎన్‌ఏ వరసల కోసం తయారుచేసింది, వెంటనే గుండె లయకీ వాడింది. పరుగుకీ దీనికీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు.

లెక్క ఇలా సాగుతుంది. బీట్ల మధ్య వ్యవధులన్నీ వరసగా తీసుకుని ఒక్కోదాంట్లోంచి సగటు తీసేస్తారు, మిగిలినవి ఒకదానికొకటి కూడుకుంటూ పోతారు, అలా వచ్చిన గీతని 4 బీట్ల ముక్కలుగా, 5 బీట్ల ముక్కలుగా, ఇలా 16 వరకు కోస్తారు. ప్రతి ముక్కలోనూ ఉన్న ఏటవాలుని తీసేశాక ఇంకా ఎంత ఊగిసలాట మిగిలిందో చూస్తారు. ముక్క పెద్దదయ్యేకొద్దీ ఆ ఊగిసలాట ఎంత జోరుగా పెరుగుతుందో చెప్పే అంకే ఆల్ఫా-1. ఎంత తేడా ఉందని కాకుండా ఆ తేడాలకి ఒకదానితో ఒకటి పొంతన ఉందా లేదా అని అడుగుతుంది ఇది. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అడుగంటాక కూడా ఇది ఇంకా కదులుతూ ఉండడానికి కారణం అదే.

అంకె 1 దగ్గరుంటే వరసలో ఒక పద్ధతి ఉందని, ముందు బీట్ల ప్రభావం తర్వాతి వాటి మీద కనిపిస్తోందని అర్థం. 0.5 అయితే ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు, శుద్ధ యాదృచ్ఛికం. 0.5 కిందకి పోతే తేడాలు ఒకటి అటు, ఒకటి ఇటుగా మారుతూ ఉంటాయి. మెల్లగా పరిగెత్తేటప్పుడు ఆల్ఫా-1 చాలామందిలో 1 పైనే ఉంటుంది, ఒక్కోసారి 1.5 దగ్గరికీ పోతుంది. జోరు పెరిగేకొద్దీ 1 దాటి కిందకి వచ్చి, బాగా గట్టిగా పరిగెత్తేసరికి 0.5 కిందకి దిగుతుంది.

మరి 0.75 ఎక్కడి నుంచి వచ్చింది?

2021లో బ్రూస్ రోజర్స్, థామస్ గ్రోన్వాల్డ్ తదితర పరిశోధకులు ట్రెడ్‌మిల్ మీద కొద్దిమంది మగవాళ్లని పరిగెత్తించి చేసిన అధ్యయనం నుంచి ఇది ప్రచారంలోకి వచ్చింది. పద్ధతి ఉన్న లయకి 1, పద్ధతి పోయిన లయకి 0.5, వీటి సరిగ్గా మధ్యలో 0.75. ఆ మధ్య గుర్తు దాటిన హార్ట్ రేట్, ఊపిరి వాయువుల టెస్టులో తేలిన మొదటి త్రెషోల్డ్ హార్ట్ రేట్‌కి సగటున బాగా దగ్గరగా వచ్చింది. అదే ఏడాది అదే బృందం 0.5ని రెండో త్రెషోల్డ్‌కి గుర్తుగా ప్రతిపాదించింది.

రెండు విషయాలు గమనించాలి. ఒకటి, 0.75 అనేది ఒంట్లో ఏదో స్విచ్ పడే చోటు కాదు, రెండు అంకెల మధ్యబిందువు, వాడుకకి వీలుగా ఎంచుకున్న గుర్తు. రెండు, మొదట పోల్చింది లాక్టేట్‌తో కాదు, ఊపిరితో. మొదటి త్రెషోల్డ్ దగ్గర ఊపిరిలో వచ్చే మార్పు, లాక్టేట్‌లో వచ్చే మార్పు దగ్గర దగ్గరగానే ఉంటాయి కానీ రెండూ ఒకటి కావు. లాక్టేట్‌తో పోల్చిన అధ్యయనాలు తర్వాత వచ్చాయి. వాటిలో కొన్ని బాగానే కలిశాయన్నాయి, కొన్ని ఒక్కో మనిషి విషయానికొస్తే నమ్మలేమన్నాయి. ప్రచారంలో మాత్రం ఈ మెలికలన్నీ రాలిపోయి ‘0.75 అంటే లాక్టేట్ త్రెషోల్డ్’ అన్న ఒక్క ముక్కే మిగిలింది.

ఒక ఊహా లెక్క

మాట వరసకి ఒక రన్నర్‌ని అనుకుందాం. హార్ట్ రేట్ 130 దగ్గర ఆల్ఫా-1 1.06, 140 దగ్గర 0.88, 150 దగ్గర 0.70, 160 దగ్గర 0.52. పది బీట్లకి 0.18 చొప్పున దిగుతోంది. ఈ గీత మీద 0.75 పడేది 147 దగ్గర, 0.5 పడేది 161 దగ్గర. చూడ్డానికి ఎంతో కచ్చితంగా ఉంది.

ఇప్పుడు ఆల్ఫా-1 ఒక 0.1 అటూ ఇటూ ఊగిందనుకుందాం. పరుగులో అంతమాత్రం ఊగడం వింతేమీ కాదు. ఆ ఒక్క 0.1కే హార్ట్ రేట్ 5, 6 బీట్లు జరుగుతుంది, అంటే 147 కాస్తా 142 నుంచి 153 వరకు ఎక్కడైనా కావచ్చు. గంటకి ఒక కిలోమీటరు వేగం పెంచితే గుండె 10 బీట్లు పెరిగే రన్నర్ అయితే ఆ తేడా కిలోమీటరుకి 6 నిమిషాల పేస్‌కీ 5 నిమిషాల 24 సెకన్ల పేస్‌కీ ఉన్నంత. ఒకటి తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తేది, ఇంకోటి లాంగ్ రన్ మధ్యలో ఆయాసం తెచ్చేది. కాబట్టి 147 అన్న అంకెని వాచీలో జోన్ గీతగా (ఈజీ, టెంపో లాంటి జోరు మెట్లని విడదీసే హద్దుగా) పెట్టేసుకోవడం తొందరపాటే. 140 పైన జాగ్రత్త, 155 దాటితే ఈజీ కాదు అనుకోవడం వరకు న్యాయం.

గీత ఎంత ఏటవాలుగా ఉందన్నది కూడా ముఖ్యం. నిటారుగా దిగితే 0.75 దాటే చోటు స్పష్టంగా తెలుస్తుంది. కొందరిలో ఆల్ఫా-1 మెల్లగా, చాలా దూరం జారుతుంది, ఇంకొందరిలో మొదటి నుంచే 0.8 దగ్గర మొదలవుతుంది. అలాంటివాళ్ల విషయంలో ఏ యాప్ ఏ అంకె ఇచ్చినా దాన్ని పక్కన పెట్టడం మంచిది.

సగటు కలిస్తే సరిపోతుందా?

ఇద్దరు రన్నర్లున్నారు. ఒకరికి హెచ్‌ఆర్‌వీ అంచనా అసలు త్రెషోల్డ్ కంటే 10 బీట్లు ఎక్కువ చూపింది, ఇంకొకరికి 10 తక్కువ చూపింది. సగటు తేడా సున్నా. పేపర్లో ‘తేడా లేదు’ అని రాయొచ్చు, ఇద్దరి ట్రైనింగూ తప్పుతుంది. రెండు కొలతలు ఒకేలా పెరుగుతున్నాయా అన్నది ఒక ప్రశ్న, ఒక మనిషికి రెండూ ఒకే జవాబిస్తాయా అన్నది ఇంకో ప్రశ్న. ఈ తేడాని బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు గణాంక నిపుణులు 1986లోనే వైద్య పరిశోధకులకి విడమరిచి చెప్పారు. అయినా వార్తల్లో, యాప్‌ల పేజీల్లో కనిపించేది మొదటి ప్రశ్నకి జవాబే. హెచ్‌ఆర్‌వీ త్రెషోల్డ్ గురించి ఏ అధ్యయనం చదివినా సగటు తేడా కంటే ముందు మనిషి మనిషికీ తేడా ఎంత వెడల్పుగా ఉందో చూడాలి. పది బీట్లు అటూ ఇటూ అంటే ఒక జోన్ మొత్తం.

పరుగులో ఇది ఎందుకు తడబడుతుంది?

సైకిల్ మీద ఈ లెక్క కొంచెం శుభ్రంగా వస్తుంది, ఛాతీ పెద్దగా కదలదు కాబట్టి. పరుగులో ప్రతి అడుగుకీ స్ట్రాప్ అదురుతుంది. హార్ట్ రేట్ 150 ఉంటే బీట్‌కీ బీట్‌కీ మధ్య సగటున 400 మిల్లీసెకన్లు, అందులో పనికొచ్చే హెచ్చుతగ్గులు కొద్ది మిల్లీసెకన్లే. ఒక బీట్‌ని స్ట్రాప్ పట్టుకోలేకపోతే 400 ఉండాల్సిన చోట 800 వచ్చి కూర్చుంటుంది. అసలు సంగతి ఆ ఒక్క తప్పు కింద కప్పబడిపోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచేస్తుంది నిజమే, కానీ సరిచేసిన అంకె కల్పించిన అంకె. ఇలాంటి తప్పు బీట్లని ఆర్టిఫాక్ట్‌లు అంటారు. లెక్క సాధారణంగా రెండు నిమిషాల ముక్క మీద చేస్తారు, 150 దగ్గర అది 300 బీట్లు. వాటిలో 3 శాతం, అంటే తొమ్మిది వరకు తప్పులుంటే పెద్ద నష్టం లేదు. 5 శాతం, అంటే పదిహేను దాటితే ఆ ముక్కని వదిలేయాలి.

మణికట్టు వాచీ ఈ పనికి అసలు పనికిరాదు. అది చూసేది చర్మం కింద రక్తపు అలని, గుండె విద్యుత్ సంకేతాన్ని కాదు. సగటు హార్ట్ రేట్ చెప్పడానికి చాలొచ్చు కానీ చేయి ఊగుతుండగా మిల్లీసెకన్ల తేడాలు పట్టలేదు. పోలార్ హెచ్10 లాంటి చెస్ట్ స్ట్రాప్ ఉండాలి, దాని డేటాని హెచ్‌ఆర్‌వీ లాగర్, ఫ్యాట్‌మ్యాక్సర్ లాంటి యాప్‌తోనో కంప్యూటర్‌లో క్యూబియస్‌తోనో చూడాలి.

స్ట్రాప్ సరిగ్గా ఉన్నా ఇంకో చిక్కుంది. 4 నుంచి 16 బీట్లు అంటే 150 హార్ట్ రేట్ దగ్గర 1.6 నుంచి 6.4 సెకన్లు. నిమిషానికి 30 సార్లు ఊపిరి తీసేవాళ్లకి ఒక్కో ఊపిరి 2 సెకన్లు, అంటే ఊపిరి ఊపు సరిగ్గా ఆ కిటికీలోనే పడుతుంది. అడుగులు నిమిషానికి 170, 180 పడుతుంటే గుండె లయ, అడుగుల లయ ఒకదానికొకటి దగ్గరగా వచ్చి కలిసిపోతుంటాయి. కాబట్టి టెస్టు మధ్యలో పక్కవాళ్లతో మాట్లాడినా, ఫోన్ ఎత్తినా, ఊపిరి బిగబట్టి వాచీ వంక చూసినా అంకె కదులుతుంది. దానికీ కండరాల్లో లాక్టేట్‌కీ ఏ సంబంధమూ లేదు.

బెజవాడ ఎండ, కృష్ణ ఉక్కపోత

ఈ పద్ధతి మీద వచ్చిన అధ్యయనాల్లో చాలావరకు చల్లగా ఉన్న ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్, సైకిల్ మీద చేసినవే. రోహిణి కార్తెలో పొద్దున ఐదున్నరకే చొక్కా తడిసిపోయే ఊళ్లో ఆ అంకెలు యథాతథంగా అతికించుకుంటే కుదరదు.

వేడిలో రక్తం కొంత చర్మం వైపు మళ్లుతుంది, ఒంటిని చల్లబరచడానికి. చెమటతో నీరు పోతుంది, రక్తం పరిమాణం తగ్గుతుంది. గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం తగ్గేసరికి దెబ్బల సంఖ్య పెంచుకుంటుంది. పేస్ మారకుండానే గంట గడిచేసరికి హార్ట్ రేట్ 10 నుంచి 20 బీట్లు ఎక్కొచ్చు. దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు. నరాల అదుపు కూడా దాంతో పాటే మారుతుంది కాబట్టి, పొడుగు పరుగు చివర్లో, అందులోనూ వేడిలో, ఆల్ఫా-1 మొదట్లో కంటే తక్కువ చూపించడం సహజం. దాన్ని చూసి త్రెషోల్డ్ దాటేశానని బెంబేలెత్తక్కర్లేదు. అలాగని కొట్టిపారేయకూడదు కూడా, ఒంటి మీద బరువు నిజంగానే పెరిగింది, లాక్టేట్ వల్ల కాకపోయినా.

ఆచరణలో తేలేదేంటంటే సంక్రాంతి చలిలో చేసిన టెస్టు పేస్‌ని మే నెలలో వాడకూడదు. హార్ట్ రేట్ గీత కొంతవరకు నిలుస్తుంది, పేస్ గీత నిలవదు. ఎండాకాలంలో హార్ట్ రేట్‌నీ, ఒంటికి తెలిసే కష్టాన్నీ చూసుకుని పేస్‌ని దాని మానాన తగ్గనివ్వాలి.

చోటు కూడా లెక్కలోకి వస్తుంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్ల పైచిలుకు, చదునే, కానీ బండ్లు, జనం మధ్య మూడు నిమిషాలు ఒకే జోరు నిలబెట్టడం కష్టం. కృష్ణ కరకట్ట మీద తెల్లారకముందు వీలవుతుంది. కొండవీడు ఘాట్ రోడ్డు టెస్టుకి పనికిరాదు, ఎక్కుడు దిగుడుల్లో జోరు క్షణక్షణానికీ మారిపోతుంటే రెండు నిమిషాల ముక్కకి అర్థం ఉండదు. 400 మీటర్ల ట్రాక్ దొరికితే అదే మేలు, ట్రెడ్‌మిల్ అయితే ఫ్యాన్ దగ్గరగా పెట్టుకోవాలి. పది, పదిహేను నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించి, తర్వాత నాలుగైదు నిమిషాలకోసారి వేగాన్ని కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతి మెట్టులో చివరి రెండు నిమిషాల్నే లెక్కలోకి తీసుకోవాలి. స్ట్రాప్‌ని ముందే నీటితో తడపాలి, చెమట పట్టేదాకా ఆగితే మొదటి మెట్లన్నీ ఆర్టిఫాక్ట్‌లతో నిండిపోతాయి.

చెమట లాక్టేట్ మీటర్‌నీ వదిలిపెట్టదు. చెమటలో లాక్టేట్ రక్తంలో కంటే చాలా ఎక్కువ ఉంటుంది, వేలిని బాగా తుడవకుండా గుచ్చితే రక్తపు చుక్కలో అది కలిసి అంకె అమాంతం పెరిగిపోతుంది. మన ఉక్కపోతలో స్ట్రాప్ కంటే మీటరే నమ్మకమని గుడ్డిగా అనుకోడానికి లేదు. నేర్పున్న చేయి గుచ్చితేనే దానికి విలువ.

మిగతా దారులతో పోలిస్తే

ఖర్చు లేని పద్ధతి ఒకటుంది, మాటల పరీక్ష. పరిగెత్తుతూ పెద్ద వాక్యం ఆయాసపడకుండా పూర్తిచేయగలిగితే మొదటి త్రెషోల్డ్ లోపల ఉన్నట్టు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే దాని దగ్గరికొచ్చినట్టు. వినడానికి నాటుగా ఉంటుంది కానీ ఊపిరి త్రెషోల్డ్‌తో ఇది చక్కగా కలుస్తుందని పరిశోధనల్లో తేలింది. హెచ్‌ఆర్‌వీ అంచనా దీనితో విభేదిస్తే ముందు అనుమానించాల్సింది స్ట్రాప్‌ని.

రెండో త్రెషోల్డ్‌కి అరగంట పాటు ఒంటరిగా నిలకడగా వీలైనంత గట్టిగా పరిగెత్తి, చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్ తీసుకునే పద్ధతి ఉంది. అమెరికన్ కోచ్ జో ఫ్రీల్ దీన్ని ప్రచారం చేశారు. కష్టమే, కానీ అడగాల్సిన ప్రశ్నని సూటిగా అడుగుతుంది. ఆల్ఫా-1 0.5 దగ్గర తడబడే చోట ఇది నిలబడుతుంది. 0.5 దగ్గర ఎందుకు తడబడుతుందంటే, ఆ జోరులో హెచ్చుతగ్గులు అతి చిన్నవి, స్ట్రాప్ అదురు అతి ఎక్కువ, ఊపిరి ఛాతీని లాగే లాగుడు కూడా గుండె లయలో కలిసిపోతుంది. పైగా మెట్టు రెండు మూడు నిమిషాల్లో మారిపోతే గుండె ఇంకా సర్దుకోకముందే లెక్క ముగుస్తుంది.

220 మైనస్ వయసు గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. అది గరిష్ఠ హార్ట్ రేట్ సగటు, త్రెషోల్డ్ ఊసే అందులో లేదు, ఒకే వయసు వాళ్లలోనే 10, 12 బీట్ల తేడా మామూలు.

వాచీలు చూపించే లాక్టేట్ త్రెషోల్డ్ ఎక్కువగా రెండోది. చాలామంది దాన్ని మొదటిదానితో కలిపేసి ఈజీ రన్నులన్నీ అక్కడే చేస్తున్నారు. రోజూ అలసిపోవడానికి ఇదొక పెద్ద కారణం. నార్వే రన్నర్ల ‘డబుల్ త్రెషోల్డ్’ పద్ధతి (ఒకే రోజు రెండుసార్లు త్రెషోల్డ్ జోరులో వర్కవుట్ చేయడం) పేరు విని అనుకరించబోయేవాళ్లకీ ఇదే గండం. అక్కడ వర్కవుట్ మధ్యలో మీటర్‌తో లాక్టేట్ చూసుకుంటూ జోరుని కావాలనే అదుపులో పెడతారు. అంచనా అంకెతో ఆ పని చేయబోతే అదుపు అన్నదే ఉండదు.

ఎవరికి, దేనికి

వారానికి నాలుగైదు రోజులు పరిగెత్తి, ఈజీ రన్ ఈజీగా ఉంటోందా అనే అనుమానం ఉన్నవాళ్లకి ఆల్ఫా-1 మంచి సహాయం. కొన్ని వారాల తేడాతో రెండు మూడు సార్లు ఒకే పద్ధతిలో చేసి, అన్నీ ఒకే చోట చేరుతుంటే ఆ మేరకు నమ్మొచ్చు. ప్రతిసారీ పది బీట్లు ఎగురుతుంటే ఆ మనిషికి ఈ పద్ధతి పడదంతే.

దీనికి ఇంకో వాడకం ఉంది, ఒకరకంగా త్రెషోల్డ్ అంచనా కంటే ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది. అల్ట్రా పరుగు (మారథాన్ కంటే పొడుగైనది) ముగిశాక అదే మెల్లని పేస్‌లో ఆల్ఫా-1 ముందున్నదాని కంటే బాగా పడిపోయినట్టు రోజర్స్ బృందం చూపించింది. అంటే వార్మప్ పది నిమిషాల్లో ఎప్పుడూ 1.1 ఉండే అంకె ఇవాళ 0.8 ఉంటే, త్రెషోల్డ్ మారిపోయిందని అర్థం కాదు, నిన్నటి బరువు ఇంకా దిగలేదని. జ్వరం వచ్చి తగ్గాక, నిద్ర చాలనప్పుడు కూడా ఇలాగే జరగొచ్చు. అలాంటి రోజు చేసిన త్రెషోల్డ్ టెస్టు చెత్తబుట్టకే.

గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. వాళ్లలో గుండె లయకీ జోరుకీ ఉన్న సంబంధమే వేరు, అంకె వచ్చినా దానికి అర్థం ఉండదు. గుండె వేళ తప్పి కొట్టుకునే బీట్లు తరచుగా పడే ఆరోగ్యవంతుల్లో కూడా లెక్క చెడిపోతుంది. స్ట్రాప్ మార్చినా, తడిపినా ఆర్టిఫాక్ట్‌లు తగ్గకపోతే అది స్ట్రాప్ తప్పు కాకపోవచ్చు, ఒకసారి ఈసీజీ తీయించుకుని డాక్టర్‌కి చూపించాలి.